రాక్ బ్యాండ్ నవల: రెండో ప్రతి పని డైరీ

చేతిలో ఉన్నది

మొదటి ప్రతి పూర్తయింది. 24 అధ్యాయాలు, 58,400 పదాలు. నలుగురు బెజవాడ కుర్రాళ్ళు 2013లో ఇంజనీరింగ్ కాలేజీ క్యాంటీన్ వెనక మొదలై, 2019లో ఇందిరా గాంధీ స్టేడియం దాకా వెళ్ళే కథ. ఆ ప్రతి ఎంత ఉత్సాహంగా రాశానో చెప్పను, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఐదుగురికి చదవమని ఇచ్చాను. ముగ్గురు తొమ్మిదో అధ్యాయంలో ఆపేశారు. ముగ్గురూ ఒకే గుంతలో కాలేశారంటే తప్పు వాళ్ళ కాళ్ళది కాదు.

ఈ డైరీ అక్కణ్ణుంచి మొదలు. నేను గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాస్తాను. వాయిద్యం ఏదీ రాదు. ఈ రెండు సంగతులూ కింద పనికొస్తాయి.

పాత్రల పేర్లు ఇప్పటికే మూడుసార్లు మార్చాను. అందుకని ఇక్కడ గిటారు, బేసు, డ్రమ్ము, గొంతు అనే పిలుస్తాను.

దశ 1: హోరు లెక్క

చదివినవాళ్ళలో ఒకావిడ మార్జిన్‌లో పెన్సిల్‌తో "మళ్ళీ హోరెత్తిందా?" అని రాసింది. ఎన్నిసార్లు ఎత్తిందో చూద్దామని కూర్చున్నాను.

1. అధ్యాయాలన్నీ ఒకే ఫైల్లోకి చేర్చాను.
2. "మారుమోగింది" అని వెతికితే 9 దొరికాయి. ఆ అంకెను నమ్మొద్దు, తెలుగు క్రియ ఒక్క రూపంలో కూర్చోదు. చివరి అక్షరానికి గుణింతం లేకుండా "మారుమోగ" వరకే కొట్టి వెతికితే 27. "మారుమ్రోగ" అని ఇంకో 4.
3. ఇదే పద్ధతిలో: హోర 31, ఉర్రూతల 22, దద్దరిల్ల 18, చప్పట్ల 64.

మొత్తం 166. కచేరీ సన్నివేశాలు 11. ఒక్కో కచేరీకి సగటున పదిహేనుసార్లు మోగించాను.

ఈ మాటలున్న వాక్యాలన్నీ తీసేశాను. 2,150 పదాలు పోయాయి. తీసేశాక చూస్తే 11 సన్నివేశాల్లో ఏడింట్లో ఎవరు ఏ రంగు చొక్కా వేసుకున్నారన్నది తప్ప ఏమీ మిగల్లేదు. జనం అరిచారు కాబట్టి బ్యాండ్ గొప్పది, బ్యాండ్ గొప్పది కాబట్టి జనం అరిచారు. రెండు వేళ్ళు ఒకదాన్నొకటి చూపించుకుంటున్నాయి, మధ్యలో వస్తువు లేదు.

ఆ ఖాళీల్లో ఉపమానాలు నింపడం నేను చేసిన పెద్ద తప్పు. పిడుగులా, వరదలా, కొండ విరిగినట్టు. పదిహేను రోజులు, నలభై ఉపమానాలు. మా అక్క కొడుకు గిటారు వాయిస్తాడు, వాడికి ఒక పేజీ చూపించాను.

"పిన్నీ, పిడుగు ఒక్కసారే పడుతుంది. సోలో రెండు నిమిషాలుంటుంది."

నలభై కొట్టేశాను. ఆ పదిహేను రోజులు దండగ ఖాతాలోకి.

మొత్తం: 58,400 − 2,150 = 56,250.

దశ 2: బ్యాండ్‌కి ఖాతా పుస్తకం

ఏం చెయ్యాలో తోచక, నాకు చేతనైన పని చేశాను. బ్యాండ్‌కి చిట్టా రాశాను. జులై నుంచి జూన్ దాకా ఒక సంవత్సరం. నవల్లో ఏ పేజీలో డబ్బు ప్రస్తావన వచ్చినా, రాకపోయినా వచ్చి ఉండాల్సిన చోటైనా, పద్దు వేశాను.

మొదటి ఏడు (2013–14)
ఖర్చు: పాత డ్రమ్ సెట్ 18,000. ప్రాక్టీసు గది అద్దె 30,000. తీగలు, కర్రలు, వైర్లు 9,600. ఆటోలు 14 × 450 = 6,300. వెరసి 63,900.
రాబడి: 14 ప్రదర్శనల్లో ఆరు ఉచితం. మిగతా 8 × 3,000 = 24,000.
నిల్వ: −39,900.

రెండో ఏడు (2014–15)
ఖర్చు: గది 30,000, తీగలూ గట్రా 11,200, ఆటోలు 9,900, ఆంప్లిఫయర్ రిపేరు 4,300. వెరసి 55,400.
రాబడి: డబ్బులిచ్చినవి 17 × 3,500 = 59,500.
నిల్వ: −35,800.

ఈ రెండేళ్ళూ ఎనిమిదో అధ్యాయంతో అయిపోతాయి. తొమ్మిదో అధ్యాయం మొదటి వాక్యంలో నావాళ్ళు 2,10,000 పెట్టి వ్యాను కొన్నారు! మధ్యలో నేను రాసిన వాక్యం: "రాత్రికి రాత్రే వాళ్ళ పేరు ఊరంతా పాకింది." ఆఫీసులో ఎవరైనా ఇలాంటి పద్దు తెస్తే డబ్బెక్కడిదని మొదట అడిగేది నేనే. ఆ ముగ్గురు పాఠకులూ అడగలేదు, పుస్తకం మూసేశారంతే.

నిజంగా పైకొచ్చిన బ్యాండ్లు ఎలా వచ్చాయో అప్పుడు చదివాను. బీటిల్స్ 1960 ఆగస్టులో జర్మనీలోని హాంబుర్గ్ వెళ్ళి ఒక చిన్న క్లబ్బులో వరుసగా 48 రాత్రులు వాయించారు. రోజుకు నాలుగు గంటలకు పైగా, తాగి మాట్లాడుకునేవాళ్ళ ముందు. 1962 జనవరి 1న లండన్‌లో డెక్కా కంపెనీకి 15 పాటలు పాడి వినిపిస్తే వద్దన్నారు. ఆ అక్టోబరులో వేరే కంపెనీ ద్వారా సొంతంగా మొదటి రికార్డు వచ్చి, బ్రిటన్ పట్టికలో 17వ స్థానం దాకా వెళ్ళింది. మన దేశంలో ఇండియన్ ఓషన్ ఢిల్లీలో 1990లో మొదలైతే మొదటి ఆల్బమ్ బయటికొచ్చింది 1993లో. రాత్రికి రాత్రే అని రాసిన చోట నాకు 48 రాత్రులు కావాలి.

బెజవాడలో నలుగురు కుర్రాళ్ళకు అన్ని రాత్రులు ఎవరిస్తారు? పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, కాలేజీ ఫెస్టులు. మూడో ఏడు కొత్తగా రాశాను.

మూడో ఏడు (2015–16)
రాబడి: 31 × 8,000 = 2,48,000.
ఖర్చు: గది 36,000, ట్రాలీ ఆటో 31 × 1,100 = 34,100, తీగలు, కర్రలు, డ్రమ్ము తోళ్ళు 14,500, తిండి 8,000. వెరసి 92,600.
నిల్వ: −35,800 + 1,55,400 = 1,19,600.

నలుగురూ పంచుకుంటే తలా 29,900. నెలకు 850 కూడా రాదు. మూడేళ్ళ కష్టానికి ఇది. వ్యాను కొట్టేశాను, ట్రాలీ ఆటో ఉంచాను. వ్యాను పోయాక కథ బాగుపడింది: డ్రమ్ము ఎప్పుడూ వెనక, సామాన్ల మీద కూర్చుని వస్తాడు. బేసు డ్రైవరు పక్కన. ఆరేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ విడిపోవడానికి కారణం నాకు ఈ పద్దులో దొరికింది. అంతకు ముందు ఒక అమ్మాయిని పెట్టాను. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది, 4,600 పదాలు తీసుకుని.

ఈ పెళ్ళి అధ్యాయాల్లో నాకు బాగా పనికొచ్చింది బ్యాండ్ అన్న మాటే. మన ఊళ్ళో బ్యాండ్ అంటే బ్యాండ్ మేళం. పెళ్ళికూతురి మేనమామ అడిగే మొదటి ప్రశ్న, "ఊరేగింపులో నడుస్తూ వాయిస్తారా?" రెండోది, డ్రమ్మును చూపించి, "ఇన్ని ఎందుకు బాబూ, ఒకటి మెళ్ళో వేసుకుంటే పోదా?" ఇది నేను కల్పించింది కాదు, మా అక్క కొడుక్కి జరిగింది.

ఇంకో లాభం చట్టంలోంచి వచ్చింది. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన వేడుకల్లో పాటలు వాయించడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘన కింద లెక్కవెయ్యదు. అంటే పెళ్ళిలో సినిమా పాటలకు అడ్డు లేదు. అందుకే అవే అడుగుతారు. నావాళ్ళ సొంత పాటకు చోటెక్కడ? మొదటి బంతి లేచి రెండో బంతి కూర్చునే లోపు. ఆకులు తీసి, బల్లలు తుడిచి, మంచినీళ్ళు పెట్టే ఆ ఏడెనిమిది నిమిషాల్లో వాయించుకుంటారు. వినేది వడ్డించే కుర్రాళ్ళు. బ్యాండ్ మొదటి అభిమాని సాంబారు బకెట్టు పట్టుకున్నవాడు.

మొత్తం: 56,250 − 4,600 + 11,300 = 62,950. పాత తొమ్మిదో అధ్యాయం ఇప్పుడు 9 నుంచి 12.

మీరు చేయదలిస్తే:

1. పాత్రల జీవితచరిత్రలు రాయకండి. చిట్టా రాయండి.
2. నిల్వ మైనస్‌లో ఉండగా ఎవరైనా ఏదైనా కొంటే, అప్పు ఎవరిచ్చారో రాయండి. ఆ ఇచ్చినవాడు మంచి పాత్ర అవుతాడు.
3. చిట్టాను నవల్లో పెట్టొద్దు. నేను రెండు పేజీలు పెట్టాను, వాటిని ఎవరూ చదవలేదు.

దశ 3: శబ్దం కొలత

సింగ్ నగర్‌లో సౌండ్ సిస్టమ్‌లు అద్దెకిచ్చే ఒకాయన ఉన్నారు. నాన్న స్నేహితుడు, నాకు బాబాయ్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు గోడౌన్‌లో బేస్ బాక్సులు మునిగి, ప్లైవుడ్ అప్పడాల్లా ఉబ్బింది. అటక మీదున్నవి మాత్రం బతికాయి, అందులో డెసిబెల్ మీటరు ఒకటి. దాన్ని అడిగాను.

"నవలకి మీటరేంటమ్మాయ్?"

"ఎంత గట్టిగా ఉందో రాయాలి బాబాయ్."

"గట్టిగా ఉందని రాయి."

"166 సార్లు రాశాను."

మీటరు ఇచ్చి, తనూ వచ్చారు.

మొదటి ప్రతిలో ప్రాక్టీసు గది సత్యనారాయణపురంలో ఒక డాబా మీద. పక్కింటివాళ్ళు గొడవచేస్తే కుర్రాళ్ళు గోడలకు గుడ్ల అట్టలు అంటించారు, గొడవ ఆగిపోయింది. నిజంగా ఆగుతుందా? ఆటోనగర్‌లో బాబాయికి తెలిసిన షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. అక్క కొడుకు ఫ్రెండు డ్రమ్ సెట్ తెచ్చాడు.

1. ముందు ఫోన్‌లో యాప్‌తో చూశాను. ఎంత గట్టిగా కొట్టినా 91 దగ్గరే నిలిచింది. ఫోన్ మైకు మాటల కోసం చేసింది, అంతకు మించితే తనే తగ్గించేసుకుంటుంది. రెండు గంటలు వృథా.
2. మీటరుతో, డ్రమ్ముకు ఒక మీటరు దూరంలో: 107 డెసిబెల్స్.
3. షట్టరు దించి, బయట ఐదు మీటర్లలో: 88.
4. 60 గుడ్ల అట్టలు కట్టి: 87.
5. అట్టలు తీసేసి, షట్టరు కింద రెండు వేళ్ళ సందులో ఇసుక సంచులు, లోపల కొబ్బరిపీచు పరుపులు మూడు నిలబెట్టి: 79.

అట్టలు లోపలి ప్రతిధ్వనిని కాస్త మార్చాయి, బయటికి పోయే మోతను ఆపలేదు. శబ్దానికి గోడ కన్నా సందు ముఖ్యం. నా నవల్లో పక్కింటివాళ్ళు ఊరుకున్నది అట్టల వల్ల కాదు, నా అజ్ఞానం వల్ల.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55 డెసిబెల్స్, పారిశ్రామిక ప్రాంతానికి 75. కాబట్టి నలుగురినీ ఆటోనగర్‌కు మార్చేశాను. అక్కడ పగలంతా లేతు మిషన్లు, గ్రైండింగ్, రేకులు సాగ్గొట్టే సుత్తులు, డ్రమ్ము మోత వాటిలో కలిసిపోతుంది. సాయంత్రం షెడ్లు కట్టేశాకే అసలు ఇబ్బంది. అప్పుడు ఆ వీధిలో మోగేది వీళ్ళొక్కరే. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు కాబట్టి, పదయ్యాక గొంతు మైకు లేకుండా పాడటం నేర్చుకుంటాడు. పదిహేనో అధ్యాయంలో కరెంటు పోయినప్పుడు వాణ్ణి కాపాడేది అదే. మొదటి ప్రతిలో అక్కడ వాడికి "దైవదత్తమైన గాత్రం" ఉండేది.

చవితి పందిరి సన్నివేశం బాబాయ్ చదివి ఒక్క చోట వేలు పెట్టారు. నా బ్యాండ్ సీరియల్ లైట్ల లైన్లోంచి కరెంటు తీసుకుని ఒక్క తడబాటు లేకుండా వాయించింది.

"వోల్టేజి 180కి పడిపోతుందమ్మాయ్. గిటారు ఎలాగోలా మోగుద్ది. కీబోర్డు చచ్చి మళ్ళీ పుడుద్ది."

నా బ్యాండ్‌లో కీబోర్డు లేదు. ఆ ఒక్క మాట కోసం ఒక పాట పొడుగునా కీబోర్డు వాయించే బంధువుల అబ్బాయిని పెట్టాను. అతను మధ్యలో మూడుసార్లు చచ్చి పుడతాడు.

చిన్న తప్పు ఒకటి: మే నెల ఎండకు గిటారు తీగలు "బిగుసుకుపోయి" శ్రుతి పెరిగిందని రాశాను. ఉక్కు వేడికి సాగుతుంది, తీగ వదులై శ్రుతి దిగుతుంది. సరిచేశాను.

ఇక స్టేడియం. ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే, మళ్ళీ రాయమన్నా రాస్తాను. మొదటి ప్రతిలో వేలమంది "ఒక్కసారిగా" చప్పట్లు కొట్టారు. కొట్టలేరు. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. చివరి వరుసను వేదికకు 120 మీటర్ల దూరంలో పెట్టాను. డ్రమ్ము దెబ్బ వాళ్ళకు చేరడానికి 0.34 సెకను. వాళ్ళు దానికి చప్పట్లు కొడితే అది తిరిగి రావడానికి ఇంకో 0.34. పాట నిమిషానికి 120 దెబ్బల మీద నడుస్తుంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకనే. అంటే వెనక వరుస చప్పట్లు డ్రమ్ముకు చేరేసరికి వాడు ఒక దెబ్బ దాటి ముందున్నాడు. ముందు వరుస తాళంలో ఉంది, వెనక వరుస వెనకబడి ఉంది, మధ్యవాళ్ళు మధ్యలో. జనాన్ని వింటే తాళం తప్పుతాడు.

ఆరేళ్ళుగా జనం వినాలని వాయించినవాడు, జనం వచ్చిన రోజున వాళ్ళను వినకూడదు. తల వంచి, బేసు కుడికాలి వేళ్ళు చూస్తూ వాయిస్తాడు. ఇద్దరికీ మాటల్లేవు అప్పటికి. ట్రాలీ ఆటోలో ముందు సీటు, వెనక సీటు. ఇదంతా ఒక భాగహారంలోంచి వచ్చింది.

మొత్తం: 62,950 − 1,900 + 3,400 = 64,450.

దశ 4: పాటలు

నవల్లో ఆరు పాటల ముక్కలు కావాలి. సినిమా పాటల పంక్తులు వాడితే అనుమతులు కావాలి, పైగా రచయిత పోయిన 60 ఏళ్ళ దాకా మన దేశంలో హక్కులుంటాయి. నేనే రాశాను, 48 పంక్తులు. కాగితం మీద బాగున్నాయి. అక్క కొడుక్కి ఇచ్చి పాడమన్నాను. మొదటి చరణంలోనే ఆపేశాడు.

"నోరు తెరుచుకోవట్లేదు పిన్నీ."

వాడు పాడిందే ఐదారుసార్లు విన్నాక అర్థమైంది. మనది అజంత భాష, పంక్తి అచ్చుతో ఆగుతుంది. ఆ అచ్చు ఏదన్నదే ఇక్కడ మెలిక. లెక్కపెట్టాను: 48 పంక్తుల్లో 31 ఉకారంతో ముగిశాయి. డు, ము, వు, లు. కర్ణాటక కచేరీలో ఉకారాన్ని అందంగా దించుతారు. డ్రమ్మూ గిటారూ ఊదరగొడుతుండగా, గొంతు చించుకుని ఉకారం మీద నిలబడితే పెదాలు ముడుచుకుపోతాయి, కూత రాదు. అరవడానికి ఆ, ఏ, ఓ కావాలి.

ముందు: పదో నంబరు ప్లాట్‌ఫారంపై నిలిచిపోయిన ప్రాణము.

తర్వాత: పదో నంబరు బండీ, కదలవే. నా పక్క సీటు ఖాళీ, ఎక్కవే.

సంబోధనలు, ప్రశ్నలు, ఆజ్ఞలు పెట్టుకుంటే ఈ అచ్చులు వాటంతటవే వస్తాయి: రా, లే, పోదామా, ఎవరో. మార్చాక ఉకారాంతాలు 31 నుంచి 6కి దిగాయి. ఆ ఆరూ మెల్లగా పాడేవి, ఉంచాను.

చెడిపోయిన ప్రయోగం: డ్రమ్ము మృదంగం నేర్చినవాడని, ఒక పాటను ఖండచాపులో పెట్టాను. తకతకిట, ఐదు దెబ్బల తాళం. జనం దాంతో కలిసి చప్పట్లు కొట్టినట్టు రాశాను. ఆఫీసులో నలుగురితో కొట్టించి చూశాను. మూడో ఆవృతానికి అందరూ నాలుగులోకి జారిపోయారు, మా ప్యూను తప్ప. ఆయన భజన బృందంలో తాళం వేస్తాడు. పాటను ఐదులోనే ఉంచి, జనాన్ని నాలుగులోకి జారనిచ్చాను. ఒక్కడు మాత్రం సరిగ్గా కొడతాడు, సాంబారు బకెట్టువాడు.

మొత్తం: 64,450 − 700 + 520 = 64,270.

దశ 5: తేదీలు

గోడకు అట్ట తగిలించి, నెలల వారీగా గళ్ళు గీసి, బయట ఊళ్ళో ఏం జరుగుతోందో ఎర్ర సిరాతో, నవల్లో ఏం జరుగుతోందో నీలం సిరాతో రాశాను. రెండూ కొట్టుకున్న చోట్లు:

1. 2018 వానలో నలుగురూ కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ట్రాలీ ఆపుకుని గొడవపడ్డారు. అది తెరిచింది 2020 అక్టోబరులో. 2018లో అక్కడున్నది పనులూ దుమ్మూ ట్రాఫిక్కూ. గొడవకు ట్రాఫిక్కే మేలు, ఎటూ పోలేరు.
2. 2016 ఆగస్టు మూడో వారంలో కృష్ణ ఒడ్డున నిర్మానుష్యమైన ఘాట్‌లో పాట కట్టారు. 12 నుంచి 23 దాకా పుష్కరాలు. నిర్మానుష్యమట! కొట్టేశాను.
3. వాళ్ళ వీడియో 2014లో ఫోన్ల ద్వారా ఊరంతా పాకింది. అప్పట్లో నెట్ ప్యాక్ వేయించుకుని వీడియో చూడటమంటే ఆలోచించుకోవాల్సిన ఖర్చు. జియో వచ్చింది 2016 సెప్టెంబరు 5న. వీడియోను 2017కు జరిపాను. దాంతో మధ్యలో మూడేళ్ళు ఎవరికీ తెలియకుండా వాయించాల్సి వచ్చింది. చిట్టా కూడా అదే అంటోంది.
4. 2016 నవంబరు. కార్తీక మాసం పెళ్ళిళ్ళకు తీసుకున్న అడ్వాన్సులు 16 × 4,000 = 64,000, అన్నీ ఐదువందల నోట్లు, 128. ఎనిమిదో తేదీ రాత్రి అవి చెల్లవన్నారు. బ్యాండ్‌కి బ్యాంకు ఖాతా లేదు. ఎవరి ఖాతాలో వేస్తే వాడి డబ్బు అవుతుందా? మొదటి ప్రతిలో ఆ నెల గురించి ఒక్క ముక్క లేదు. ఇప్పుడది పూర్తి అధ్యాయం, 3,900 పదాలు. నవల్లో నాకు నచ్చినవాటిలో రెండోది.

మొత్తం: 64,270 − 3,800 + 5,100 = 65,570.

దశ 6: ఒప్పందం

త్వరగా ముగిస్తాను. మొదటి ప్రతిలో మ్యూజిక్ కంపెనీ ఒకటి 50,000 ఇచ్చి, అన్ని హక్కులూ జీవితాంతం రాయించుకుంటుంది. విషాదం అనుకున్నాను. 2012 సవరణ తర్వాత, రికార్డు చేసిన పాటలో సాహిత్యం రాసినవాళ్ళూ బాణీ కట్టినవాళ్ళూ రాయల్టీలో తమ సమాన వాటాను కంపెనీకి వదిలెయ్యడం చెల్లదు. నా విషాదం చట్టప్రకారం చెల్లని కాగితం. అయితే అది రాసినవాళ్ళకూ బాణీ కట్టినవాళ్ళకూ. డ్రమ్ము రాయలేదు, బాణీ కట్టలేదు. కాగితం మీద వాడి పేరు ఏ గడిలో వెయ్యాలన్నదే ఇప్పుడు గొడవ. కంపెనీ విలన్ పాత్ర మొత్తం తీసేశాను.

మొత్తం: 65,570 − 2,400 + 1,030 = 64,200.

దశ 7: ఫారాలు

డీటీపీ చేసే అబ్బాయి యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో చేస్తాడు. నాది యూనికోడ్. మార్చినప్పుడు మామూలు తెలుగు దాదాపు బాగానే వచ్చింది, అరువు మాటలే చెడ్డాయి. సౌండ్‌చెక్, ప్లాట్‌ఫారం, ఫీడ్‌బ్యాక్ లాంటి మాటల్లో పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య కనబడని విరామం ఉంటుంది, అది ఎగిరిపోయింది. సౌండ్చెక్, ప్లాట్ఫారం అని వత్తులు పడ్డాయి. మామూలు కుటుంబ నవలైతే పది చోట్ల పడేవేమో, రాక్ బ్యాండ్ నవల్లో 412 చోట్ల పడ్డాయి.

1. ఫైలు ఇచ్చే ముందే అరువు మాటల జాబితా చెయ్యండి. నాది 96 మాటలు.
2. మార్చాక ఆ జాబితాతో ఒక్కో మాటా వెతికి సరిచేయించండి. కంటితో ప్రూఫు చూస్తే దొరకవు. నేను చూసి 70 వదిలేశాను.

పేజీ లెక్క: డెమ్మీ 1/8 సైజులో నా పేజీకి సుమారు 200 పదాలు పడుతున్నాయి. 64,200 అంటే 321 పేజీలు, ముందు పేజీలు 8, వెరసి 329. ఫారం అంటే అచ్చులో ఒక పెద్ద కాగితం, దానికి 16 పేజీలు. 20 ఫారాలంటే 320, తొమ్మిది ఎక్కువ. 21 అంటే 336, ఏడు ఖాళీ.

"మేడం, 1,800 పదాలు తగ్గించండి, ఒక ఫారం మిగులుతుంది" అన్నాడు.

ఎక్కడ తగ్గించాలో చూడమని చివరి అధ్యాయం బాబాయికి ఇచ్చాను. స్టేడియం కచేరీ, డ్రమ్ము తల వంచుకోవడం, ఆఖరి పాట, దీపాలు ఆరిపోవడం. చదివి కళ్ళజోడు తీశారు.

"సామాన్లు ఎవరు సర్దారు?"

"ఎక్కడ?"

"ఇక్కడే. కచేరీ అయిపోయింది, అందరూ ఏడుస్తున్నారు, బాగుంది. వైర్లు ఎవరు చుట్టారు? అంత పెద్ద స్టేడియంలో ఎన్ని వైర్లుంటాయో తెలుసా నీకు?"

ఆరేళ్ళ చిట్టాలో ప్రతి రాత్రికీ ట్రాలీ కిరాయి వేశాను, దానిలోకి సామాను ఎక్కించడం ఒక్కసారీ రాయలేదు. పెద్ద కచేరీకి అద్దె సిస్టమ్ వస్తుంది, మనుషులు వస్తారు, వీళ్ళు తమ వైర్లు ముట్టుకోనవసరమే లేదు. అయినా డ్రమ్ము అలవాటుగా వంగి ఒక వైరు అందుకుంటాడు. రెండో కొస బేసు చేతిలో ఉంటుంది.

కాబట్టి 21 ఫారాలు. ఏడు ఖాళీ పేజీలంటే 1,400 పదాల చోటు. ఈ రోజుకు 340 రాశాను.

మొత్తం: 64,200 + 340 = 64,540.

ఆగిన చోటు: మోచేతికి చుడతారని రాశాను. అలా చుడితే లోపల రాగి మెలితిరిగి కొన్నాళ్ళకు తెగుతుందట. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి వెయ్యాలి, అప్పుడు విసిరితే చిక్కు పడకుండా జారుతుంది. బాబాయ్ 15 మీటర్ల వైరు ఒకటి ఇచ్చి వెళ్ళారు. వరండాలో కూర్చుని చుడుతున్నాను. నాలుగు చుట్లు బాగా వస్తున్నాయి, ఐదోది తిరగబడుతోంది.